ఇసుక బంతి, గరిక బంతి

కరీంనగర్, నిజామాబాద్, కోనసీమ పల్లెల్లో గల్ఫ్ వెళ్లొచ్చిన మనిషి లేని వీధి అరుదు. అలాంటి ఇళ్లలో పాత డైరీ మధ్యలోనో, దేవుడి పటం వెనకో లేత నీలం రంగు 20 దిర్హాంల నోటు ఒకటి దాగి ఉంటుంది. దాని మీద తెరచాపలు విప్పుకున్న ఓడలా ఒక తెల్లని భవనం కనిపిస్తుంది. చూసినవాళ్లు మసీదో, మ్యూజియమో అనుకుంటారు. అది దుబాయ్ క్రీక్ గోల్ఫ్ అండ్ యాట్ క్లబ్. 1993లో కట్టారు. నోటు తిప్పితే రెండోవైపు ఆ తీరంలో ముత్యాల కోసం, సరుకుల కోసం తిరిగిన సంప్రదాయ పడవ ఉంటుంది.

ఒక దేశం తన డబ్బు మీద గోల్ఫ్ క్లబ్బును అచ్చు వేసుకుందంటే ఆ ఆటను ఎంత దగ్గరకు తీసుకుందో అర్థమవుతుంది. అయితే ఆ క్లబ్బు తెరవడానికి ఐదేళ్ల ముందు వరకు ఆ దేశంలో పచ్చగడ్డి మీద 18 హోళ్ల పూర్తి ఆట ఆడే మైదానమే లేదు. గోల్ఫ్ మాత్రం ఉంది, ఇసుక మీద. ఇసుక నుంచి గడ్డికి మారిన ఆ కొద్ది కాలంలో ఆటగాడి చేతిలోని బంతి కూడా మారింది. ఎవరికి ఏ బంతి సరిపోతుందనే ప్రశ్నకు తొలి జవాబు కాళ్ల కింది నేలే చెబుతుందనడానికి ఎమిరేట్స్ కంటే మంచి ఉదాహరణ దొరకదు.

అబూదాబీ చమురు 1962లో దాస్ ద్వీపం నుంచి మొదటిసారి ఓడెక్కింది. 1966లో దుబాయ్ సముద్రగర్భంలోనూ చమురు పడింది. దాని వెంట బ్రిటిష్ ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, విమాన సంస్థలవాళ్లు వచ్చారు. వాళ్లతో పాటు గోల్ఫ్ సంచులూ వచ్చాయి. ఏడు ఎమిరేట్లు కలిసి ఒక దేశమవుతున్న 1971లోనే అల్ అవీర్ రోడ్డు మీద దుబాయ్ కంట్రీ క్లబ్ మొదలైంది. చుట్టూ ఎడారే కాబట్టి మైదానమూ ఇసుకే.

ఆ ఆట పద్ధతి వింటే ముచ్చటేస్తుంది. ఫెయిర్‌వే ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో చెప్పడానికి గుంజలు పాతేవారు. ప్రతి ఆటగాడి దగ్గర చేటంత కృత్రిమ గడ్డి చాప ముక్క ఒకటి ఉండేది. బంతి ఆ గుంజల మధ్య పడితే చాప పరిచి దాని మీద పెట్టి కొట్టవచ్చు. బయట పడితే ఇసుకలో ఎలా ఉన్నది అలాగే కొట్టాలి. చివర హోల్ చుట్టూ గ్రీన్ ఉండాల్సిన చోట 'బ్రౌన్' ఉండేది. ఇసుకలో నూనె కలిపి, రోలరుతో అణచి, వాకిలి అలికినంత చదునుగా చేసిన వలయమది. ఒక జట్టు ఆడి వెళ్లాక పొడవాటి బ్రష్షుతో అడుగుజాడలు చెరిపేస్తే తప్ప తరువాతివాళ్లు ఆడలేరు. ఎండ ముదిరిన ఊళ్లలోని మన కంటోన్మెంట్ మైదానాలకూ ఈ బ్రౌన్లు కొత్త కాదు. నీళ్లు లేనిచోట ఆట ఆపుకోలేని సైనికాధికారులు అక్కడా ఇదే దారి పట్టారు.

ఇలాంటి చోట బంతిని ఎంచుకోవాలంటే మొదట చూడాల్సింది దాని తోలు మందం. ఇసుక గరుకు కాగితంలాంటిది. క్లబ్బు తాకిన ప్రతిసారీ బంతికీ ఇనుముకీ మధ్య నలిగిన రేణువులు పై పొరను గీరేస్తాయి. ఆ రోజుల్లో ఛాంపియన్లు వాడే బంతికి బలాటా అనే చెట్టుపాల తొడుగు ఉండేది. అది మెత్తన. గడ్డి మీద కూడా ఒక్క దెబ్బ సరిగా పడకపోతే చిరునవ్వు ఆకారంలో చీరుకునేది. ఇసుకలో దాని గతి చెప్పక్కర్లేదు. 1960ల్లో డూపాంట్ కంపెనీ తయారుచేసిన సర్లిన్ అనే గట్టి ప్లాస్టిక్ ఇలాంటి నేలకే పుట్టినట్టుండేది. దాంతో కప్పిన బంతి చీరదు, గీతలు తక్కువ పడతాయి. పైగా మెత్తని తొడుగు ఇచ్చే స్పిన్ బ్రౌన్ మీద పెద్దగా అక్కరకు రాదు. అక్కడ బంతిని ముందే నేలకు దించి దొర్లించుకుంటూ పోవడం మేలు. పాలిపోయిన ఇసుకలో తెల్ల బంతి కంటికి ఆనదు కాబట్టి రంగు కూడా విషయమే. భారతదేశంలో పుట్టిన కిప్లింగ్ 1890ల్లో అమెరికాలోని వెర్మాంట్‌లో మంచు మీద గోల్ఫ్ ఆడటానికి బంతులకు ఎర్ర రంగు పూసుకున్నాడు. మంచైనా ఇసుకైనా చిక్కు ఒకటే.

గాలి కూడా ఒక మాట చెప్పేది. బ్రిటిష్ నియమాల కింద ఆడేవారికి అప్పట్లో రెండు కొలతల బంతులు చెల్లేవి. అమెరికా బంతి అడ్డుకొలత 1.68 అంగుళాలు, అంటే దాదాపు 42.7 మిల్లీమీటర్లు. బ్రిటన్ బంతి 1.62 అంగుళాలే. బరువు రెండింటికీ ఒకటే, 45.93 గ్రాములకు మించకూడదు. మన క్రికెట్ బంతి బరువులో మూడో వంతు కూడా కాదు. అంత బరువునే చిన్న ఒంట్లో ఇముడ్చుకున్న బ్రిటిష్ బంతి ఎదురుగాలిని బాగా చీల్చుకుపోయేది. 1974 నుంచి బ్రిటిష్ ఓపెన్‌లో పెద్ద బంతే వాడాలన్నారు. 1990లో చిన్న బంతిని పూర్తిగా రద్దు చేశారు. అంటే దుబాయ్ కంట్రీ క్లబ్ తొలి రోజుల్లో ఆడినవాళ్లకు ఈ ఎంపిక ఇంకా చేతిలోనే ఉంది. ఎడారి మీదుగా షమాల్ గాలి వీచే రోజున చిన్న బంతి తీసినవాణ్ణి తప్పు పట్టలేం.

ఈ బంతి కథ ఎమిరేట్స్‌కు ఎప్పుడో ముందే దగ్గరగా వచ్చి పోయింది. ఆ సంగతి చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

19వ శతాబ్దం మొదటి సగం వరకు స్కాట్లాండ్‌లో గోల్ఫ్ బంతి అంటే తోలు సంచిలో ఈకలు కుక్కి కుట్టినది. టోపీ నిండా బాతు ఈకలు పట్టేవి. తడిపి కుక్కితే ఆరాక ఈకలు ఉబ్బి, తోలు బిగిసి రాయిలా అయ్యేది. చేయి తిరిగిన పనివాడు రోజుకు మూడో నాలుగో చేసేవాడు, అందుకే ధర భారీ. 1848 ప్రాంతంలో గట్టాపర్చా వచ్చింది. మలయా అడవుల్లోని చెట్టు పాలు అది. వేడినీళ్లలో వేస్తే మైనంలా మెత్తబడి, చల్లారితే గట్టిపడుతుంది. దంతవైద్యులు రూట్ కెనాల్ చేశాక పంటిలో నింపేది నేటికీ ఇదే. సెయింట్ ఆండ్రూస్ ఊళ్లో దీని గురించి ఒక కథ ఉంది. ఆసియా నుంచి పాటర్సన్ కుటుంబానికి ఒక విష్ణుమూర్తి విగ్రహం పెట్టెలో వచ్చిందట. దారిలో పగలకుండా చుట్టూ గట్టాపర్చా ముక్కలు సర్దారట. ఆ ముక్కలనే కరిగించి ఇంటి కుర్రవాడు రాబర్ట్ మొదటి బంతి చేశాడట. కథలో నిజమెంతైనా, పదార్థం మన వైపు సముద్రాల మీదుగా వెళ్లిందన్నది మాత్రం నిజం.

కొత్త బంతి చౌక. ఈకల బంతులు చేసి బతికే అలన్ రాబర్ట్‌సన్‌కు అది కడుపు కొట్టే వస్తువులా కనిపించింది. తన దగ్గర పనిచేసే టామ్ మోరిస్ ఒక రోజు దానితో ఆడుతుండగా చూశాడు. ఇద్దరికీ చెడింది. మోరిస్ 1851లో ప్రెస్ట్‌విక్ వెళ్లిపోయాడు. గోల్ఫ్ చరిత్రలో బంతి ఎంపిక మీద జరిగిన తొలి పెద్ద తగాదా ఇదే కావచ్చు.

ఆ గట్టాపర్చాయే 1864లో గల్ఫ్ సముద్రం అడుగుకు చేరింది. బ్రిటన్‌ను భారతదేశంతో కలిపే టెలిగ్రాఫ్ తీగ కోసం ఫావ్ నుంచి గ్వాదర్ వరకు వేసిన సముద్ర కేబుల్‌లో రాగి తీగ చుట్టూ పూసిన తొడుగు అదే. ఆ తీగ ముసందమ్ దగ్గర ఒక చిన్న దీవిని ఆనుకుని వెళ్లింది. ఈనాటి రస్ అల్ ఖైమాకు దగ్గర్లో, ఒమన్ పరిధిలో ఉన్న ఆ దీవిని ఇప్పటికీ టెలిగ్రాఫ్ ద్వీపం అనే పిలుస్తారు. స్కాట్లాండ్ గడ్డి మీద బంతులుగా దొర్లిన పదార్థమే ఈ తీరంలో వార్తలు మోసే తీగకు రక్షగా ఉంది. ఇంకో వందేళ్ల తరువాత గానీ ఇక్కడ గోల్ఫ్ ఊపందుకోలేదు.

ఈలోగా బంతి రెండుసార్లు రూపు మార్చుకుంది. గీతలు పడి పాతబడిన గట్టాపర్చా బంతే (దాన్ని ముద్దుగా గట్టీ అనేవారు) నున్నటి కొత్త బంతి కంటే బాగా ఎగురుతోందని ఆటగాళ్లు గమనించి, సుత్తితో కావాలనే గాట్లు పెట్టించుకున్నారు. ఆ గాట్లకు శాస్త్రం తోడై 1905లో ఇంగ్లండ్‌కు చెందిన విలియం టేలర్ గుంటల బంతికి పేటెంట్ తీసుకున్నాడు. బంతి వెనక గాలి సుడులు తగ్గించేవి, వెనక్కి తిరిగే బంతిని పైకి లేపేవి ఆ గుంటలే. అవి లేకపోతే బంతి దాదాపు సగం దూరంలోనే కూలబడుతుంది. అంతకు ముందు, 1898లో, అమెరికాలోని అక్రాన్‌లో కోబర్న్ హాస్కెల్ తన స్నేహితుడు బెర్ట్రామ్ వర్క్ రబ్బరు ఫ్యాక్టరీలో పోగుపడిన రబ్బరు దారాన్ని ఉండలా చుట్టాడు. దానికి తొడుగు వేస్తే అంతవరకు ఎవరూ చూడనంత దూరం పోయింది. 1902 బ్రిటిష్ ఓపెన్‌ను సాండీ హెర్డ్ ఆ బంతితోనే గెలిచాడు. గట్టీ కాలం అంతటితో తీరింది. దారం చుట్టిన బంతి మాత్రం తరువాత దాదాపు వందేళ్లు రాజ్యం చేసింది.

ఎమిరేట్స్‌లో గరిక మొలిచింది ఆ వందేళ్ల చివర్లో. షేక్ మహమ్మద్ బిన్ రాషిద్ అల్ మక్తూమ్ ఇచ్చిన భూమిలో అమెరికన్ మైదాన రూపశిల్పి కార్ల్ లిట్టెన్ గీసిన మైదానం ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్ పేరుతో 1988లో తెరుచుకుంది. మధ్యప్రాచ్యంలో పూర్తిగా గడ్డి పరిచిన తొలి ఛాంపియన్‌షిప్ మైదానం అదే. ఎనిమిదో హోల్‌కూ తొమ్మిదో హోల్‌కూ మధ్య ఉన్న మజ్లిస్, అంటే అతిథులను కూర్చోబెట్టి మాట్లాడే చావడి, ఆ క్లబ్బులోని ఈ మైదానానికి తన పేరునిచ్చింది. క్లబ్ హౌస్‌ను బెడూయిన్ గుడారాల ఆకారంలో కట్టారు. ఇప్పుడు ఆకాశహర్మ్యాలు చుట్టుముట్టి కనిపించే ఆ చోటు అప్పుడు ఊరి బయట. తొలి ఫొటోల్లో ఇసుక సముద్రంలో ఆకుపచ్చ చాప పరిచినట్టుంటుంది.

ఆ చాప మన వాళ్లకు బాగా తెలిసిన గడ్డే. గోల్ఫ్ లోకం బెర్ముడా అని పిలిచేది వినాయకుడికి మనం పెట్టే గరికే. మైదానాల్లో వేసేది ఆ గరికనూ ఆఫ్రికా గడ్డినీ సంకరం చేసిన రకాలు. ఎండకు తట్టుకుంటుంది, ఉప్పు నేలను కొంత సహిస్తుంది, అడుగడుగునా వేళ్లు దించి పాకుతుంది. చలికాలంలో దాని రంగు మసకబారినప్పుడు పైన రై గడ్డి విత్తనాలు చల్లుతారు, అంతర్జాతీయ పోటీలు జరిగేది ఆ కాలంలోనే కాబట్టి. నీళ్లు మాత్రం ఊరికే రావు. సముద్రపు నీటిలో ఉప్పు తీసి, లేదా ఊరి మురుగునీటిని శుద్ధిచేసి పైపుల్లో తోడి పోయాలి. ఎడారిలో ఒక ఫెయిర్‌వేను బతికించడానికి పడే శ్రమను, ఆ శ్రమ చేసే దక్షిణాసియా కూలీలను మరిచి ఈ చరిత్ర రాయడం అన్యాయం.

గరిక వచ్చాక పాత లెక్కలు తలకిందులయ్యాయి. ఇసుకలో కొనసాగిన గట్టి బంతి గ్రీన్ మీద నిలవదు. ఎత్తున వచ్చి పడి, గెంతి అవతలికి పోతుంది. మెత్తని తొడుగు బంతి క్లబ్బు గాడిలో ఒక క్షణం అంటుకుని వెనక్కి గింగిరాలు తిరుగుతూ వెళ్లి, పడ్డచోటే ఆగుతుంది. బలాటాకు చివరికి ఈ దేశంలోనూ గిరాకీ వచ్చింది. ఆ గరిక మీద 1989లో జరిగిన తొలి దుబాయ్ డెజర్ట్ క్లాసిక్ పోటీని మార్క్ జేమ్స్ గెలిచాడు. 1991లో గల్ఫ్ యుద్ధం వల్ల పోటీ జరగలేదు. 1992లో స్పెయిన్ దిగ్గజం సెవే బల్లెస్టెరోస్ గెలిచాడు. 1994లో ఎర్నీ ఎల్స్ మొదటి రోజే 61 కొట్టాడు. 1996లో కాలిన్ మాంట్‌గొమరీ చివరి హోల్‌లో నీటి మడుగు అవతల ఉన్న గ్రీన్ మీదికి నేల మీద నుంచే డ్రైవర్‌తో బంతి పంపాడు. టీ పుల్ల మీద పెట్టి కొట్టడానికి చేసిన క్లబ్బు అది. గడ్డి మీద నుంచి అంత దూరం నీళ్లు దాటించడానికి ఎంత ధైర్యం కావాలో ఆడేవాళ్లకే తెలుసు. ఆ దెబ్బతో పోటీ అతని వశమైంది.

ఆ రోజుల్లో ఆటగాళ్లు ఒక దాన్ని వదులుకుని ఇంకొకటి తీసుకోవాల్సి వచ్చేది. దూరం కావాలంటే గట్టి రెండు పొరల బంతి, నిలవాలంటే దారం చుట్టిన మెత్తని బంతి. మామూలు మనుషులు దూరం వైపు, ఛాంపియన్లు స్పిన్ వైపు నిలిచారు. 2000లో ఆ గోడ కూలింది. మే నెలలో టైగర్ వుడ్స్ దారం చుట్టిన బంతిని వదిలి, లోపల ఘనమైన రబ్బరు గుండు ఉన్న నైకీ బంతిని జర్మనీ పోటీలో పట్టాడు. నెల తిరగకుండా అమెరికన్ ఓపెన్‌ను 15 దెబ్బల తేడాతో గెలిచాడు. అక్టోబరులో టైట్లిస్ట్ ప్రో వి1 లాస్ వెగాస్ పోటీలో రంగంలోకి దిగింది. ఘనమైన గుండు, దాని మీద ఒక మధ్య పొర, పైన పలుచని యూరథేన్ తొడుగు. దూరమూ ఉంది, స్పిన్నూ ఉంది. రెండు మూడేళ్లలో దారం బంతి పెద్ద పోటీల్లో కనబడకుండా పోయింది. స్కాట్లాండ్ నూట యాభై ఏళ్లలో చూసిన మార్పుల చివరి అంకం ఎమిరేట్స్ మైదానాల్లో పన్నెండేళ్లలో ముగిసింది.

తరువాతి కథ వేగంగా నడిచింది. 2004లో టైగర్ వుడ్స్ బుర్జ్ అల్ అరబ్ హోటల్ హెలిప్యాడ్ మీద నిలబడి సముద్రంలోకి బంతులు కొట్టిన ఫొటో లోకమంతా తిరిగింది. 2006లో అబూదాబీ ఛాంపియన్‌షిప్ మొదలైంది. 2009 నుంచి యూరప్ గోల్ఫ్ సీజను ముగింపు పోటీ దుబాయ్‌లోని జుమేరా గోల్ఫ్ ఎస్టేట్స్‌లో, గ్రెగ్ నార్మన్ గీసిన ఎర్త్ మైదానంలో జరుగుతోంది. 2022లో యూరోపియన్ టూర్ పేరే దుబాయ్ రేవుల కంపెనీ పేరు మీద డీపీ వరల్డ్ టూర్ అయింది.

అయినా ఇసుక ఊరికే ఓడిపోలేదు. అబూదాబీ విమానాశ్రయం పక్కన 1997లో అల్ గజాల్ క్లబ్ 18 హోళ్ల ఇసుక మైదానంతో మొదలైంది. 2004లో అక్కడే ప్రపంచ శాండ్ గోల్ఫ్ ఛాంపియన్‌షిప్ జరిపారు. ఇంగ్లండ్‌కు చెందిన గ్రెగ్ ఓవెన్ గెలిచాడు. గడ్డి మీద లక్షలు సంపాదించే మనిషి చాప ముక్క చంకన పెట్టుకుని బ్రౌన్ల వెంట నడిచాడు. పాత దుబాయ్ కంట్రీ క్లబ్ మాత్రం ఊరు పెరిగి మీదికి రావడంతో మూతపడింది. అది కూడా ఒక నష్టమే. ఇసుక మీద ఆడటం తెలిసిన తరం ఆ నేర్పును ఎవరికీ అప్పగించకుండా వెళ్లిపోయింది.

ఈ తీరానికి గుండ్రని తెల్లని వస్తువును ఎంచడం కొత్త కాదు. గోల్ఫ్ రాకముందు ఇక్కడి బతుకు ముత్యాల మీద నడిచింది. తవ్వాష్ అనే వర్తకుడు రంధ్రాల కొలత వేరువేరుగా ఉన్న జల్లెడలతో ముత్యాలను జల్లించి, రంగూ గుండ్రదనం చూసి వేరుచేసేవాడు. ఆ ముత్యాలు బొంబాయి మీదుగా హైదరాబాద్ చేరి, బస్రా ముత్యాలుగా నిజాముల ఇళ్లలో మెరిశాయి. 1930 ప్రాంతంలో జపాన్ పెంపుడు ముత్యాలు, ఆర్థిక మాంద్యం కలిసి ఆ వ్యాపారాన్ని కూల్చాయి. ఇప్పుడు గోల్ఫ్ లోకమంతటా మైదానాల మడుగుల్లో దిగి పడిపోయిన బంతులను తీసి, కడిగి, తరగతులుగా వేరుచేసి అమ్మే వ్యాపారం ఉంది. కొత్తగా నేర్చుకునేవారికి అవి చౌకగా దొరికే మంచి దారి. అయితే చాలాకాలం నీళ్లలో నానిన బంతి కొత్తదానిలా ఎగరదు. పై మెరుపు చూసి కొంటే పొరబాటే.

మరి ఈ రోజు దుబాయ్‌లో క్లబ్బు పట్టే మనిషి, అతను హైదరాబాద్ నయా ఖిల్లా మైదానంలో నేర్చుకుని వెళ్లినవాడైనా సరే, ఏం చూడాలి? ఎండ మొదటిది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 6 శాతం తక్కువ. వెచ్చబడిన రబ్బరూ చురుగ్గా స్పందిస్తుంది. కాబట్టి వేసవిలో ఏ బంతైనా కొంచెం ఎక్కువ దూరం పోతుంది. తీరపు తేమ గాలిని బరువెక్కిస్తుందని చాలామంది నమ్ముతారు. అది తప్పు. నీటి ఆవిరి పొడి గాలి కంటే తేలిక. అందువల్ల ఇక్కడ దూరం కోసం ప్రత్యేకంగా గట్టి బంతి వెతకాల్సిన అవసరం తక్కువ. సాయంత్రం సముద్రపు గాలి లేచాక ఎక్కువ స్పిన్ తీసుకునే బంతి పైకి లేచి ఆగిపోతుంది కాబట్టి, బలంగా కొట్టేవారు ఆ పూట స్పిన్ తక్కువ రకం చూడవచ్చు. ఎమిరేట్స్ గోల్ఫ్ క్లబ్‌లో రాత్రుళ్లు దీపాల వెలుగులో ఆట సాగే ఫాల్డో మైదానం ఉంది. 2019లో మహిళల మూన్‌లైట్ క్లాసిక్ పోటీ అలాంటి వెలుగులోనే జరిగింది. అక్కడ కంటికి ఆనే రంగు బంతి తీసుకోవడంలో చిన్నతనమేమీ లేదు. 1982లో వేన్ లెవీ నారింజ రంగు బంతితోనే హవాయిలో పీజీఏ పోటీ గెలిచాడు.

బంతి ఎంత దూరం పోవచ్చో నియమాలు కూడా గీత గీస్తాయి. ఆ గీతను ఇంకా దగ్గరకు జరపాలని 2023 డిసెంబరులో ఆట పాలకులు నిర్ణయించారు. క్లబ్బును గంటకు 125 మైళ్ల వేగంతో తిప్పి పరీక్షించినా బంతి 317 గజాలు దాటకూడదు. మేటి పోటీలకు 2028 నుంచి, అందరికీ 2030 నుంచి అమలని అప్పుడు ప్రకటించారు. మామూలుగా ఆడేవారికి తగ్గేది కొద్ది గజాలే. డ్రైవర్‌తో కొట్టినప్పుడు ఒక బంతికీ ఇంకో బంతికీ ఉండే తేడా స్వల్పం. అసలు తేడా గ్రీన్ దగ్గర, తొడుగులో కనబడుతుంది.

అందుకే దుకాణంలో డబ్బా మీది అక్షరాలు నమ్మి డజను కొనడం కంటే, రెండు రకాలు మూడేసి బంతుల చిన్న డబ్బాలు కొనండి. మీరు ఎక్కువగా ఆడే మైదానంలోనే గ్రీన్ చుట్టూ చిన్న దెబ్బలు కొట్టి చూడండి, తరువాత వంద గజాల నుంచి, చివర డ్రైవర్‌తో. గ్రీన్ మీద మీరు అనుకున్న చోట ఎక్కువసార్లు ఆగినది పట్టుకోండి. తరువాత ఆ ఏడాదంతా దాన్ని మార్చకండి.